రెండో బతుకు చూసి కొన్న చీర



మన పాలమూరు జిల్లా జడ్చర్లలో, బాదేపల్లి బజారులో బట్టల దుకాణం ముందు పెద్దవయసు ఆడవాళ్లు చీర బేరం చేస్తుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? బాలానగర్ వైపు నుంచి, మిడ్జిల్ వైపు నుంచి, నవాబుపేట వైపు నుంచి జడ్చర్లకు వచ్చేవాళ్లు వాళ్లు. చీర చేతికి రాగానే పూలు, రంగు చూడరు. కొంగు రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతారు. తిరగేసి లోపలి వైపు చూస్తారు. వెలుగుకు ఎత్తిపట్టి నేత ఒత్తుగా ఉందో పలచగా ఉందో చూస్తారు. "నూలేనా, ఏమన్న కలిసిందా?" అని అడుగుతారు. దుకాణదారు ఏం చెప్పినా మళ్లీ వేళ్లనే అడుగుతారు. ఈ చీర నాకు ఎట్లుంటది అన్న ప్రశ్నతో పాటు, పదేండ్ల తర్వాత దీంతో ఏం చేసుకోవచ్చు అన్న లెక్క కూడా ఆ వేళ్లలో ఉంటుంది.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ లెక్క గురించే. పాతవాటితో కొత్త వస్తువులు చేయడం ఇప్పుడు బడుల్లో నేర్పుతున్నారు, ప్రదర్శనలు పెడుతున్నారు. సంతోషమే. అయితే పాలమూరు పల్లెల్లో ఆ పని వస్తువు పాతబడ్డాక మొదలయ్యేది కాదు, కొన్ననాడే మొదలయ్యేది. రెండో బతుకు లేని వస్తువును మన పెద్దలు సగం ధరకు కూడా మంచి బేరం అనుకోలేదు.

నారాయణపేట నూలుచీరనే తీసుకోండి. ముదురు రంగు, గళ్లు, గట్టి అంచు. కొన్న కొత్తలో పెండ్లిళ్లకు, జాతరలకు కట్టేవాళ్లు. కాస్త వెలిసినంక అంగడికి, చుట్టాలింటికి. ఇంకా వెలిసినంక చేను పనికి. చీర అంతా ఒక్కసారే పాడవదు. కూర్చునే చోట, మడమలు తగిలే కింది అంచు దగ్గర ముందు పలచబడుతుంది. కుచ్చిళ్ల లోపలి భాగం గట్టిగానే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన ఆడవాళ్లు పలచబడ్డ భాగం తీసేసి, రెండు పాత చీరల గట్టి భాగాలు కలిపి కుట్టి ఒక చీర చేసుకునేవాళ్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నేతలోనే రెండింటినీ పోగుకు పోగు పట్టించి కలుపుతారు. దాని ఒళ్లు చినిగిపోయినా అంచు నిలుస్తుంది. ఆ అంచు కోసి ఆడపిల్ల లంగాకు కుట్టేవాళ్లు. కట్టుకోవడానికి పనికిరాని చీర దూలానికి తొట్టెల అయ్యేది. తర్వాత బొంతలోకి పోయేది. బొంతకూ ఆగని పేలికలు పొయ్యి మీది గిన్నె దించే మసిబట్టకు, నెత్తి మీద బిందె కింద పెట్టుకునే చుట్టబట్టకు, ఆఖరుకు దీపం వత్తికి. కొన్న చీర ఇంట్లో నుంచి పూర్తిగా వెళ్లిపోయేసరికి కొన్న మనిషి కోడలు అత్త అయ్యేది.

ఇందులో పేదరికం ఉంది. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ పేదరికం ఒక్కటే ఉంటే ఇంత తెలివి పుట్టదు. పుట్టిన బిడ్డను ఏ బట్టలో చుడతారో చూడండి. ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా పొత్తిగుడ్డలకు పాత నూలుచీరే వెతుకుతారు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, పోగు గరుకుగా ఉంటుంది, పసి చర్మానికి గీసుకుంటుంది. వందలసార్లు బండ మీద ఉతికి, ఎండలో ఆరిన చీరకు వచ్చే మెత్తదనాన్ని ఏ దుకాణమూ అమ్మలేదు. దానికి కారణం నూలుపోగులోనే ఉంది. తడిసినప్పుడు నూలు బలం తగ్గదు, పెరుగుతుంది. అందుకే బండకేసి బాదినా తట్టుకుంటుంది, ఏండ్ల తరబడి ఉతుకులతో పోగు మెత్తబడుతుంది, చెమటనూ తడినీ ఇట్టే పీల్చుకుంటుంది. అంటే ఆ పనికి పాతదే మేలైనది. కొత్తది దొరకక పాతదానితో సర్దుకోవడమనే మాట ఇక్కడ వర్తించదు.

ఇక బొంత. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కుట్టడం తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి.

బొంత పని ఎండాకాలానిది. చేన్లలో పని తగ్గుతుంది, ఉతికిన బట్ట ఒక్క పూటలో ఎండుతుంది. ముందు చీరలన్నీ ఉతికి ఆరేస్తారు. గట్టిగా ఉన్న రెండు చీరలు మీదికీ కిందికీ పక్కన పెడతారు. మిగిలినవన్నీ నడుమకు. అలికిన వాకిట్లోనో అరుగు మీదనో కింది చీరను పరిచి, నాలుగు మూలలా లాగి, గాలికి లేవకుండా రాళ్లు పెడతారు. దాని మీద చినిగిన చీరలు, ధోవతి ముక్కలు, పంచెలు, పిల్లల అంగీలు పొరలుగా పరుస్తారు. ఇక్కడే నేర్పంతా. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం రాకూడదు. చినుగు మీద చినుగు పడకూడదు. కింది పొరలో చిరుగు ఉన్న చోట మీది పొరలో గట్టి బట్ట రావాలి. అంగీ గుండీలు, మందమైన కుట్లు ముందే కోసేయాలి, లేకపోతే నిద్రలో వీపుకు గుచ్చుకుంటాయి. అన్నీ సమం అయ్యాక మీది చీర కప్పి, అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో ముందు నాలుగు పక్కలా బిగిస్తారు. తర్వాత అంచు నుంచి నడుమకు వరుస వెంట వరుసగా టాకాలు. ఇద్దరో ముగ్గురో తలా ఒక పక్క కూర్చుంటే పని జరుగుతుంది, కతలూ జరుగుతాయి. కొందరు చీర అంచు నుంచే దారం లాగి దానితోనే కుట్టేవాళ్లు.

ఆ టాకాలు అందానికి వేసినవి అనుకుంటాం. అందం ఉంది కానీ అసలు పని వేరు. కుట్టు లేకపోతే నడుమనున్న ముక్కలు ఒక మూలకు జారి ముద్దయిపోతాయి. కుట్టు దగ్గర దగ్గరగా పడితే పొరలన్నీ ఒకే బట్ట అవుతాయి. పొరకూ పొరకూ మధ్య గాలి నిలుస్తుంది, చలికాలం రాత్రి ఒంటి వేడిని పోనివ్వదు. నేల మీద పరిస్తే పరుపు, కప్పుకుంటే దుప్పటి, నడుముకు మడిచి పెట్టుకుంటే మెత్త. దూది పరుపు ఉతకలేం, బొంతను చెరువు కట్ట దగ్గర ఉతికి బండల మీద ఆరేయొచ్చు. చినిగితే దాని మీదనే ఇంకో చీర వేసి కుడతారు. అట్లా ఒకే బొంతలో మూడు తరాల బట్టలు ఉన్న ఇండ్లున్నాయి. పైపొర విప్పితే అమ్మ పెండ్లి నాటి రవిక, ఇంకో పొర విప్పితే తాత ధోవతి.

పాలమూరు మనుషులు ఆనకట్టలు కట్టడానికి దేశం మీద పోయిన సంగతి మీకు తెలుసు. నాగార్జునసాగర్ పునాది పడింది 1955 డిసెంబరులో. అప్పటి నుంచి ఎన్ని కాలువలు, ఎన్ని సొరంగాలు, ఎన్ని రోడ్లు పాలమూరు లేబరు చేతుల మీద లేచాయో లెక్కకు అందదు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించినప్పుడు, కుటుంబం వెంట పోయే ముల్లెలో వంటగిన్నెలు, నాలుగు బట్టలు, ఒక బొంత. పని జాగాలో గుడిసెకు తలుపు ఉండదు, బొంతే తడక. పసిపిల్లను చెట్టుకింద పండబెట్టాలంటే బొంతే నేల. రాత్రి ఇంటిల్లిపాదికీ అదే కప్పు. కట్టిన ప్రాజెక్టుల శిలాఫలకాల మీద ఆ కూలీల పేర్లు లేవు. వాళ్ల ఊరి నుంచి వాళ్లతో వచ్చిన వస్తువుల్లో అన్ని పనులకూ ఆగింది ఆ బొంతే. దాన్ని కుట్టిన ఆడవాళ్ల పనిని ఇంజినీర్ల పనికి తక్కువగా నేను చూడలేను.

సంక్రాంతికి గంగిరెద్దు వాకిట్లోకి వచ్చినప్పుడు ఇంటివాళ్లు పాత చీరో రవికో ఇస్తారు. అవి ఆ ఎద్దు వీపు మీది రంగురంగుల బొంతలో చేరతాయి. ఊరూరా తిరిగే ఆ బొంతలో ఎన్ని ఇండ్ల బట్టలుంటాయో!

బెంగాల్లో ఇలాంటి బొంతను కాంథా అంటారు, కర్ణాటకలో కౌది అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. పత్తి చేన్లలో బానిసలుగా బతికిన నల్లజాతి కుటుంబాల వారసుల ఊరు అది. అక్కడి ఆడవాళ్లు చేను పనికి వేసుకుని చినిగిన ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు కోసి బొంతలు కుట్టుకున్నారు. మోకాళ్ల దగ్గర మాసిన ముక్క, జేబు ఊడిన చోట రంగు వెలవని ముక్క, అట్లాగే కనిపిస్తాయి ఆ బొంతల్లో. 1966లో చుట్టుపక్కల ఆడవాళ్లు బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ నగరంలోని కళల మ్యూజియం ఆ బొంతలను గోడలకు వేలాడదీసి చూపించింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మన పల్లెల బొంతల్లోనూ రంగు మీద రంగు పెట్టే ఆ కన్ను ఉంది. కానీ అతిథి వస్తే మనం బొంతను లోపల దాచి, బజారు నుంచి తెచ్చిన నైలాను దుప్పటి బయట పెడుతున్నాం. ఇది నాకు బాధ కలిగించే విషయం.

చీర నుంచి సంచికి వస్తాను. జడ్చర్ల, బాదేపల్లి అంటే మార్కెట్ యార్డు. పల్లికాయ, మక్కలు, పత్తి, వడ్లు. సరుకు వచ్చిందంటే సంచి ఉండాలి. ధాన్యాన్ని జనపనార సంచుల్లోనే నింపాలని కేంద్రం 1987లో చట్టం చేసింది. రేషన్ దుకాణానికి యాభై కిలోల బియ్యంతో వచ్చిన గోనె సంచి ఖాళీ అయ్యాక పని అయిపోయినట్టు కాదు. డీలరు దగ్గర నుంచి అది పౌర సరఫరాల శాఖకు తిరిగి వెళుతుంది. మళ్లీ వడ్ల కొనుగోలు కేంద్రానికి వచ్చి నలభై కిలోల వడ్లు నింపుకుంటుంది. ఈ వ్యవస్థ ఎంత ముఖ్యమో 2020 ఏప్రిల్‌లో తెలిసింది. లాక్‌డౌన్‌లో బెంగాల్ జనపనార మిల్లులు మూతపడ్డాయి, కొత్త సంచులు రాలేదు, యాసంగి వడ్లు కల్లాల్లోకి వచ్చేశాయి. అప్పుడు ఒకసారి వాడిన సంచుల కోసం రేషన్ డీలర్ల దగ్గర, మిల్లుల దగ్గర వెతుకులాడారు. పాతవని మూలకు వేసిన సంచులే ఆ కష్టకాలంలో రైతు ధాన్యాన్ని మోశాయి.

సంచి చినిగాక దాని రెండో బతుకు మొదలవుతుంది. దబ్బనంతో నాలుగు సంచులు విప్పి కలిపి కుడితే పట్ట. దాని మీద మిరపకాయలు, పప్పులు ఎండుతాయి. వానలో ఒక మూలను ఇంకో మూలలోకి మడిచి నెత్తి మీద కొప్పెరగా వేసుకుంటే భుజాల దాకా తడవదు. ఎడ్లకు చలికాలం కప్పు. హైదరాబాదులో కొత్తగా లేస్తున్న మేడలు చూడండి. పోసిన సిమెంటు స్తంభాలకు గోనె బట్ట చుట్టి రోజూ నీళ్లు పోస్తారు. సిమెంటు గట్టిపడాలంటే కొన్ని రోజులు తడి ఆరకూడదు, జనపనార తడిని పట్టి ఉంచుతుంది. ఆ నీళ్లు పోసే చేతులు కూడా చాలాచోట్ల పాలమూరువే.

జడ్చర్ల బెంగళూరు హైవే మీది ఊరు కాబట్టి టైర్ల సంగతి వేరే చెప్పక్కరలేదు. అరిగిన టైరుతో చెప్పులు, బావికి రబ్బరు బొక్కెన, పశువులకు నీళ్ల తొట్టి. పాత మోటారు టైర్లు ఎడ్లబండికి ఎక్కాక కట్టె చక్రాల నాటి కంటే అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగాయి. గ్యాస్‌నూనె డబ్బాకు మీద కట్టె అడ్డంగా కొడితే నీళ్ల డబ్బా, కోసి చదును చేస్తే కప్పుకు రేకు. మందు సీసా మూతకు తూటు పెట్టి వత్తి దూరిస్తే బుడ్డి దీపం. కరెంటు రాని రోజుల్లో ఎంతమంది ఆ వెలుతురులో చదువుకున్నారో!

ఊళ్లలోకి పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్లు వస్తారు. పాత జరీ చీరలు కొనేవాళ్లూ వస్తారు. అసలైన జరీ వెండి తీగకు బంగారు పూత పూసి చేసింది. చీర పోయినా వెండి పోదు, కరిగించి తీస్తారు. ఉన్ని బట్టలదీ ఇదే దారి. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలోని బాట్లీ అనే ఊళ్లో 1813లో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డలను చీల్చి పోగులు చేసి, కొత్త ఉన్ని కలిపి మళ్లీ నేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ విద్య నేడు హర్యానాలోని పానిపట్‌లో ఉంది. ప్రపంచమంతటి నుంచి పాత స్వెటర్లు, కోట్లు అక్కడికి వస్తాయి. రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, వడికి, కంబళ్లు నేస్తారు. భూకంపాలు, వరదలు వచ్చినప్పుడు శిబిరాల్లో పంచే కంబళ్లలో చాలా భాగం అవే ఉండేవి. ఈ మధ్య పానిపట్ మిల్లులు కూడా పాలిస్టర్ కంబళ్ల వైపు తిరిగాయి.

ఇక్కడే మన కథ కూడా మలుపు తిరుగుతుంది. ఇప్పుడు మన ఇండ్లలో ఉన్న చీరల్లో నూలు ఎన్ని? పాలిస్టర్ తేలిక, ధర తక్కువ, ఇస్త్రీ అక్కర లేదు, రంగు పోదు. రెక్కల కష్టం మీద బతికే మనిషి అది కొనుక్కుంటే తప్పు పట్టను. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు ఏడాదికి కోటి దాకా చీరలు సిరిసిల్ల మరమగ్గాల మీద నేశారు. ఆత్మహత్యల వార్తలు వచ్చిన ఊరికి చేతినిండా పని దొరికింది, అది చాలా మంచి పని. కానీ అందులో అత్యధికం పాలిస్టరే. ఆ చీర పొత్తిగుడ్డకు పనికిరాదు, చెమట పీల్చదు. మసిబట్టగా వాడితే వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. బొంతలో వేస్తే పొరలు జారుతాయి, టాకా నిలవదు, ఎండాకాలం దాని మీద పండుకుంటే ఒళ్లు కాలిపోతుంది. గూంజ్ అనే సంస్థ సంగతి విని ఉంటారు. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టారు, 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. నగరాల పాత బట్టలు సేకరించి, ఊళ్లో బావి పూడిక తీసినందుకో దారి వేసుకున్నందుకో ప్రతిఫలంగా ఇస్తారు, దానంగా ఇవ్వరు. వాళ్లు ఆడవాళ్ల నెలసరి అవసరానికి పాత బట్టతో ప్యాడ్లు కుడతారు. దానికి ఏరి తీసేది నూలు బట్టనే.

కాబట్టి పాతవాటికి కొత్త పని చెప్పాలని పిల్లలకు నేర్పే టీచరమ్మలకు, సార్లకు నాదొక మనవి. ప్లాస్టిక్ సీసాకు రంగులేసి పూలకుండీ చేయించడంతో పాటు, ఒకరోజు వాళ్లను బట్టల దుకాణానికి తీసుకుపోండి. ఏది నూలు, ఏది కాదు, చేత్తో పట్టి చెప్పమనండి. మీరే రెండు బట్టల నుంచి ఒక్కో పోగు లాగి కాల్చి చూపించండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. ఆ పరీక్ష చూసిన పిల్ల రేపు కొనేటప్పుడు తప్పక గుర్తుపెట్టుకుంటుంది.

పాలిస్టర్ చీరకు రెండో బతుకే లేదని మాత్రం అనలేను. దాన్ని కూడా మన రైతులే కనిపెట్టారు. యాసంగిలో జడ్చర్ల నుంచి కల్వకుర్తి రోడ్డు మీద పోతుంటే పల్లికాయ చేన్ల చుట్టూ, మక్కచేన్ల చుట్టూ కట్టెలకు కట్టిన చీరలు కనిపిస్తాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఎకరాల పొడవునా. అడవిపందుల కోసం కట్టిన కంచె అది. ఒక్క రాత్రిలో మడికట్టంతా తవ్వి కాయ తినిపోయే పందులు, గాలికి కదిలే బట్టను చూసి, దానికున్న మనిషి వాసన పసిగట్టి కొన్నాళ్లయినా వెనకాడతాయి. ముళ్లకంచె కొనలేని చిన్నరైతుకు కరెంటు తీగ పెట్టే పాపం, ప్రమాదం తప్పుతాయి. వానకు కుళ్లదు కాబట్టే ఆ పనికి పాలిస్టర్ నూలు కంటే మేలు. పాత చీరలు మూటలుగా కొనుక్కొచ్చి మరీ కడుతున్నారు. ఏ వస్తువు ఏ పనికి ఆగుతుందో చూసే ఆ పాత లెక్క ఇంకా బతికే ఉంది.

అయితే ఆ చీరను పంట తర్వాత కట్టెలకు వదిలేస్తే, ఎండకు పెళుసెక్కి చీలికలవుతుంది. చీలికలు దున్నేటప్పుడు మట్టిలో కలుస్తాయి, ట్రాక్టరు నాగళ్లకు చుట్టుకుంటాయి, పశువుల కడుపులోకి పోతాయి. మట్టిలో అవి కరగవు. ఈసారి చేను చుట్టూ చీరలు కట్టే అన్నలూ అక్కలూ, పల్లికాయ పీకిన వారంలోనే వాటిని విప్పి, మడిచి, కొట్టంలో పెట్టండి, ఇంకో పంటకు వస్తాయి. కట్టే ముందు మూట విప్పినప్పుడు ఒక్కో చీరను వేళ్లతో నలిపి చూడండి. అందులో నూలుచీర కలిసి ఉంటే పక్కకు తీసి ఇంటికి పంపండి. చేను గట్టున అది రెండు వానలకు మెత్తబడి చినిగిపోతుంది, బొంతలో పడితే ఇంకా పదేండ్లు ఉంటుంది. కుట్టడం తెలిసిన పెద్దమ్మలు మీ ఊళ్లో ఎవరున్నారో మీకే తెలుసు. వచ్చే ఎండాకాలం వాళ్ల పక్కన మీ ఇంటి ఆడపిల్లనూ మగపిల్లవాణ్నీ ఇద్దరినీ కూర్చోబెట్టండి.